డ్రమ్ములో ఏముందని డాక్టరు గారు అడిగినప్పుడు

సహోదరీ సహోదరులారా, నా పాపం మొదలైన గడియ నాకు గుర్తుంది. నవంబరు నెల రెండో గురువారం, ఉదయం ఆరుంబావు. చిలకలూరిపేట రోడ్డు పక్కన మా వేప కషాయం షెడ్డుకు పనివాళ్లు ఇంకా రాలేదు. రెండు వందల లీటర్ల కషాయం డ్రమ్ములో నేను ఐదు లీటర్ల పురుగుమందు పోశాను.

అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆ కషాయం అమ్ముతున్నాను. మందు కొట్టే కూలీలు చేలల్లో కళ్లు తిరిగి పడిపోవడం చూసి, ఈ నేల మీద విషం తగ్గాలని మొదలుపెట్టిన పని అది. వేపగింజలు యాభై కిలోలంటే యాభై కిలోలే, నానబెట్టేది పన్నెండు గంటలంటే పన్నెండే. జనం నన్ను వేపమ్మగారని పిలిచేవారు, ఆ పేరు నాకెంత తీపి! ఆ ఏడాది మిరప తోటల మీద తామరపురుగు విరుచుకుపడింది. వేప పురుగును వెంటనే చంపదు, మెల్లగా తిండి మాన్పిస్తుంది. రైతుకేమో సాయంత్రం కొడితే తెల్లారేసరికి రాలాలి. దర్శి నుంచి వచ్చిన ఒక రైతు పదిమంది ముందు డబ్బా నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఏమ్మా వేపమ్మగారూ, మీ కషాయం తాగి మా పురుగులు బలిసినయ్! ఇంకో రెండు డబ్బాలియ్యండి, కోసుకు తింటాం."

అందరూ నవ్వారు. మర్నాడే నేను ఆ మందు పోశాను.

పురుగు రాలింది, రైతులు తిరిగొచ్చారు, ఆ తర్వాత ప్రతి డ్రమ్ములోనూ అదే పోస్తూ వచ్చాను, ఆదివారం ఆరాధనలో దేవుడు నా పనిని దీవించాడని సాక్ష్యం కూడా చెప్పాను, అయ్యో, ఈ నోటితోనే!

ఇరవై ఆరో రోజున, డ్రమ్ము కలిపే కర్ర విరిగితే, మా షెడ్డులో పనిచేసే సువార్తమ్మ మోచేతి దాకా చెయ్యి ముంచి కలుపుతోంది.

"చెయ్యి పెట్టమాకే" అన్నాను.

"వేప పసరేగా అమ్మగారూ, ఏమవుద్ది!" అని నవ్వింది.

ఎందుకు వద్దో చెప్పాలంటే నిజం చెప్పాలి. చెప్పలేదు.

మధ్యాహ్నానికి ఆమె నోట నురగ వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు గారు ఏం తగిలిందని అడిగితే, ఆమె భర్త ఏసోబు, "వేప కషాయమేనండి, విషం లేనిది" అన్నాడు. "వేపతో ఇలా కాదే. డ్రమ్ములో ఇంకేముంది?" అని ఆయన మా ముఖాలు చూశారు. నేను గోడకు ఆనుకుని, "ప్రభువా, ఆమెను బ్రతికించు" అని ప్రార్థిస్తున్నాను. ఆమెను బ్రతికించే మాట నా నాలుక మీదే దాచుకుని దేవుణ్ణి బతిమాలుతున్నానని అప్పుడు తెలిసింది! "అయితే ప్రభువా, నా నోరు తెరువు" అన్నాను. ఆయన తెరిచాడు. మందు పేరు, కొలత చెప్పాను. ఏసోబు నా వైపు చూసి, "మీరా, అమ్మగారూ?" అన్నాడు, అంతే.

సరైన విరుగుడు అందింది. నాలుగో రోజున సువార్తమ్మ కళ్లు తెరిచింది. దేవునికే మహిమ! ఆమెను మరణం నుంచి, నన్ను అబద్ధం నుంచి ఒకే మాటతో విడిపించాడు. కొన్నవారి ఇంటింటికీ వెళ్లి నిజం చెప్పాను. ఇప్పుడు పెరట్లో ఒక్క డ్రమ్ము కషాయం తీస్తున్నాను, కొనేవారి కళ్లెదుటే.

ప్రియులారా, మంచి పని చాటున మీరేదైనా దాచి ఉంటే ఈ రోజే ఆయన ముందు విప్పండి. ఆయనను నమ్మండి. నష్టం ఉండదని నేను చెప్పను. నాకు పోయినవి ఇవి: కొనేవాళ్లు నూట పన్నెండు మందిలో నూట తొమ్మిది మంది. షెడ్డు. ఏడుగురి పని. వేపమ్మ అన్న పేరు. సువార్తమ్మ కుడిచేతి పట్టు. ఏసోబు నాతో మాట్లాడే మాట.