అమ్మ బైబిలు అట్ట

ఈ ఉదయం వరకు కాపాడిన దేవునికి స్తోత్రం.

ఒమాన్‌లో మేముండే రుస్తాఖ్ బజారులో నిన్న తోలు వాసన తగిలి నాన్న గుర్తొచ్చారు. ఆయన ఇక్కడే తోలు పని చేసేవారు. నా చిన్నప్పుడు, అమ్మమ్మ అమ్మకిచ్చిన బైబిలు అట్ట చినిగిపోతే కొత్త తోలు అట్ట కుట్టారు.

"ఇది మా అమ్మ బైబిలు లెక్క లేదు" అని అమ్మ చదవడమే మానేసింది.

నాన్న ఆ అట్టను గరుకు కాగితంతో రుద్ది, టీ డికాషన్, కొబ్బరినూనె పట్టించారు.

"కొత్తదాన్ని ఖరాబ్ చేస్తున్నవ్ నాన్నా!" అని ఏడ్చాను.

"ఏడ్వకు బిడ్డా, మీ అమ్మమ్మ బొటనవేలు ఆనే జాగ ఇది" అంటూ అంచును ఒకచోట నున్నగా అరగదీశారు.

అమ్మ బైబిలు చేతికి తీసుకోగానే ఆమె వేలు సరిగ్గా అక్కడే ఆనింది. ఆ సాయంత్రం మళ్లీ చదివింది.

ఇన్నేళ్లు రోజూ చదవగా ఇప్పుడు ఆ అరుగుదల అమ్మ వేలిదే. మన బైబిళ్లూ అలా అరిగేలా నాతో కలిసి ప్రార్థించండి.