రెండో పక్క లేని ఓడ

ఆ రోజుల్లో, అంటే నా ఇరవై రెండో ఏట, నాకు చేతకాని పని అంటూ ఒకటుంటుందని తెలియదు. కుర్రగుమాస్తాలందరిదీ అదే జబ్బు. కొండజ్వరానికి క్వినైనుండేది గానీ దీనికి మందుండేది కాదు. పెదబయలు దగ్గర అడవి కచేరీలో నాకు ఉద్యోగమైన రెండో ఏడు మా ఆవిడ కాపురానికి వచ్చింది. ఆమెది భీమునిపట్నం. వీధరుగు మీద కూర్చుంటే సముద్రమూ, లంగరేసిన ఓడలూ కనిపించే ఇంట్లో పుట్టిన మనిషి. ఇక్కడ ఎటు చూసినా కొండలే. వారం తిరక్కుండానే మాట తగ్గింది, తిండి తగ్గింది. ఒకరోజు చోళ్లు విసురుతూ తిరగలి ఆపి, "ఇక్కడ సప్పుడే లేదండి. సెవులు మూసుకుపోయినట్టుంది" అంది. అలల చప్పుడని అర్థం కావడానికి నాకు ఒక పూట పట్టింది. కొండగాలి పడకపోతే నెల తిరిగేసరికి వచ్చి తీసుకుపోతానని మామగారు ముందే చెప్పి ఉన్నారు. ఆ దిగులుతో, నీకో ఓడ చేసిపెడతానని నోరు జారాను. నేనెన్నడూ ఓడని దగ్గర్నుంచి చూసినవాణ్ణి కాను (మాది మెట్ట ఊరు, నాకు తెలిసిన నీళ్లన్నీ నూతిలోవే).

నాకున్న ఆధారమల్లా కచేరీలో లక్క ముద్రలు దాచుకునే బిస్కట్ల డబ్బా. దాని మూత మీద మూడు తెరచాపల ఓడ బొమ్మ ఉండేది. దాన్ని ఎదురుగా పెట్టుకుని, రోజూ కచేరీ కాగానే అంకుడు కర్ర చెక్కాను. పెళ్లినాటి పంచె చింపి తెరచాపలు కట్టాను. అతకడానికి గుగ్గిలం కాచితే, ఆ పొగకి ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి ఇవాళ ఏ దేవతకి పూజ అని అడిగారు. మూడు వారాలకి పని ముగించి, గుడ్డ కప్పి మరీ తెచ్చి మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె కళ్లు మెరిశాయి. చేతిలోకి తీసుకుని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"దీనికి రెండో పక్కేదండీ?" అంది.

మూత మీద ఒక పక్కే కదా కనిపించేది! కిటికీలూ, తాళ్లూ, జెండా అన్నీ ఆ పక్కకే పెట్టాను. రెండో పక్క బెరడు కూడా తీయలేదు. ఆ పక్క గోడకి ఉంటుందిలే అన్నాను, వీలైనంత హుందాగా. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది గానీ నవ్వు ఆగలేదు. కొండెక్కాక అదే మొదటి నవ్వు. చిన్నబోవాలో సంతోషించాలో నాకు తెలియలేదు.

సరే, తేలుతుందో లేదో చూద్దామని ఇద్దరం గెడ్డకి, అంటే ఊరి పక్క వాగుకి, వెళ్లాం. నీళ్లలో పెట్టగానే ఓడ జెండా ఉన్న పక్కకి ఒరిగి పడుకుంది. ఒడ్డున కర్రగరిటెలు చెక్కుకుంటున్న ముసలాయన (అందరూ గరిటెల తాత అనేవారు, సముద్రం మొహం ఎరగడు) తాపీగా లేచొచ్చి చూశాడు. "బాబూ, నీ ఓడ తొంగుంటాది గానీ కూకోదు. పొట్ట తొల్సి అడుగున రాయెట్టు" అన్నాడు.

రాయి పెట్టాం. నిలబడింది, కానీ గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. మా ఆవిడ చీర ఎగ్గట్టి మోకాలిలోతు నీళ్లలో దిగి, అటు తిప్పండి, ఇటు వంచండి అని నన్ను పనిలో పెట్టింది. సరిగ్గా అప్పుడే మామగారు, కూతురి కోసం మాట్లాడుకొచ్చిన డోలీతో సహా, ఒడ్డున ప్రత్యక్షమయ్యారు. తడిసి ముద్దయిన అల్లుణ్ణీ, అరుస్తున్న కూతుర్నీ చాలాసేపు చూశారు. తర్వాత చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టుకుని ఆయనా దిగారు. ఓడని ఎత్తి చూసి, ఎంతో మర్యాదగా, "అల్లుడుగారూ, సుక్కాని ఎనక్కుంటాదండి" అన్నారు.

మర్నాడు డోలీ ఖాళీగా వెళ్లింది. మా ఆవిడ రానంది. "రెండో ఓడ మొదలెట్టేం నాన్నా. ఒగ్గేసొస్తే ఈయన మళ్లీ ఒక పక్కే సేస్తారు" అని తండ్రితో చెప్పింది. ఆయన దారి పొడుగునా నవ్వుకుంటూ వెళ్లారని డోలీవాళ్లు తర్వాత చెప్పారు.

అప్పట్నుంచి ఎన్ని ఓడలు చేశానో లెక్కలేదు. మొన్న ఒకటి పూర్తిచేశాను. నీళ్లలో పెడితే ఒరగలేదు, తిరగలేదు. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండు పక్కలా చూసి, బాగుంది అంది. అంతే. తప్పు పట్టడానికి ఏమీ లేకపోయేసరికి, ఇద్దరం ఏమీ తోచక దానికేసి చూస్తూ కాసేపు కూర్చున్నాం.