నేల మీద పరిచిన లెక్క

శాంతకుమారి మొత్తం ఎంతో చెప్పి ఊరుకునే గుమాస్తా కాదు. మూడు ఊళ్ల వేరుశనగ మిల్లుల లెక్కల్ని ఏ ఊరు, ఏ నెల, ఏ ఖర్చో తెలిసేలా ఒక్కో పద్దూ ఒక్కో అట్టముక్క మీద రాసి, కొంగు బొడ్లో దోపి, పుంగనూరు ఆఫీసు నేలంతా పరిచేది. ఎనభై రెండులో యజమాని గోపాలస్వామి, “కుప్పం మిల్లు నష్టమే కదమ్మా, మూసేద్దాం. నలభైమంది ఆడోళ్లకి ఊరికే కూలి యాల?” అన్నాడు. ఊరివారీగా పరిస్తే నిజంగా నష్టమే. ఆమె ముక్కలన్నీ ఏరి, ఖర్చువారీగా మళ్లీ పరిచింది.

“సూడండప్పా, నష్టమంతా లారీ బాడుగే. ఆ లారీలు మోసింది మదనపల్లె సరుకు. ఆ మిల్లు సూసుకునేది మీ తమ్ముడని బాడుగ కుప్పం నెత్తిన రాసినారు.”

“ఎత్తెయ్ ఆ ముక్కలు!”

“ఎత్తను. మూసెయ్యాలంటే ఆ ఆడోళ్ల కూలి తొక్కుకుంటా పోండి.”

ఆయనకీ వాకిలికీ మధ్య అన్నీ ముక్కలే. గోపాలస్వామి ఎత్తిన చెప్పుకాలు వెనక్కి తీసుకుని కూర్చున్నాడు. “ఏయే నెలల్లో అట్లా రాసినారో సూపించు.”

ఆమె ముక్కలు మళ్లీ ఏరింది, ఈసారి నెలవారీగా.