గోడాదరా గుంతలో బతుకమ్మ

2020 చివర్లో, మొదటి లాక్‌డౌన్ సడలాక, సూరత్‌లోని ఒక ప్రణాళికా సలహా సంస్థ నన్ను గోడాదరా అనే పేటలో వరద నివారణ పనికి సీనియర్ టౌన్ ప్లానర్‌గా వేసింది. సూరత్ పట్టుకు పేరున్న ఊరు. నాకూ పట్టణాల మీద కాస్త పట్టుందని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఎండలూ వానలూ రెండూ దారి తప్పుతున్న కాలం. నెలంతా పడాల్సిన వాన ఒక్క పూటలో పడితే ఖాడీ, అంటే ఊరి మధ్య పారే వాగు, పొంగి మగ్గాల కార్మికుల గల్లీల్లోకి వచ్చేది. మా విరుగుడు డిటెన్షన్ బేసిన్: కుండపోత నీటిని ఆపి ఉంచి, ఖాడీ తగ్గాక తూము గుండా మెల్లగా వదిలే పల్లపు స్థలం. దానికి అక్కడున్న ఒకే ఒక్క ఖాళీ ప్లాటును ఎంచాను. నిటారు గోడలు, చుట్టూ కంచె, గేటుకు తాళం. కాగితం మీద చాలా అందంగా ఉంది. కాగితం మీద నా పనులన్నీ అందంగానే ఉండేవి.

నమూనా బయటపెట్టాక స్థానికుల అభ్యంతరాలు వినడం నియమం. కరోనా వల్ల విచారణ వీడియోలో పెట్టాం. ఎవరూ రాలేదు. అందరికీ సమ్మతమేననుకుని కొత్త ఏడాది మొదట్లో కొలతలకు వెళితే, ప్లాటులోనే ఎదురయ్యారు: సిరిసిల్ల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ నేత కుటుంబాల ఆడవాళ్లు, ముక్కులకు చెంగులు చుట్టుకుని. ముందు నిలబడ్డామె కనకవ్వ. ఇంట్లో చీరలకు లేసు కుట్టే మనిషి.

తెలుగులో మాట్లాడితే శాంతిస్తారనుకున్నాను. కనకవ్వ ఇంకా మండిపడింది.

“తెలుగోళ్లయి ఉండి గిదేంది సారూ? ఏడాదికొకపారి బతుకమ్మ ఆడెటందుకు మాకు గీ జాగ ఒక్కటే ఉన్నది. పోయినేడు బీమారి అని ఆడనియ్యలే. ఇగ మీరొచ్చి గుంత తీస్తమంటున్రు. యాడ ఆడాలె? మీ గుంతల ఆడాల్నా?”

“జర నిమ్మలం, అక్కా” అన్నాను, వాళ్ల మాటలోనే. వెనకనున్న ముసలామె పకపకా నవ్వింది. “ఆంధ్ర సారుకు మన మాట నోరు తిరుగుతలేదే!”

గుంత నాది, చింత వాళ్లది. రెండూ పట్టుకుని ఆఫీసుకు వచ్చాను. కనకవ్వ ఎత్తిపొడుపుగా అన్న మాటే నన్ను వదల్లేదు. నిజంగానే గుంతలో ఆడితే ఏం? బేసిన్‌కు నీళ్లతో పని ఏడాదిలో కొన్ని రోజులే. మిగతా రోజులు అది మైదానమే. నిటారు గోడలు తీసేసి వెడల్పాటి మెట్లు గీశాను. అడుగు చదును చేసి, తూము దగ్గర ఒక మూలను మాత్రం కాస్త లోతుగా వదిలాను. అక్కడ నీరు నిలుస్తుంది గనక, బతుకమ్మలను వదలడానికి మిల్లుల రంగునీళ్లు కలిసే ఖాడీ దాకా పోనక్కర్లేదు.

సంతకం పెట్టాల్సింది నగరపాలక సంస్థ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు మెహుల్‌భాయ్. పండుగ వానాకాలం చివర్లో వస్తుంది కదా, ఆ రోజే బేసిన్ నిండితే బాధ్యత ఎవరిదని అడిగారు. సబబైన ప్రశ్నే. తూమును పెద్దది చేసి, నిండిన నీరు ఒక రాత్రిలో పోతుందని లెక్క చూపించాను. నేను మెట్లు చూపించాక ఆయనా ఒక మెట్టు దిగారు. వాన హెచ్చరిక ఉన్నప్పుడు ఎవరినీ లోపలికి దిగనివ్వకుండా కాపలా పెట్టాలని షరతు రాసి సంతకం చేశారు.

రెండో అల వచ్చి పని నడుమ ఆగినా, వానలకు ముందే పూర్తయింది. ఆ ఏడు ఎంగిలిపూల బతుకమ్మకు, అంటే పండుగ మొదలయ్యే దినానికి, ముందురోజు వాన దంచికొట్టింది. బేసిన్ నిండింది. గల్లీల్లోకి నీళ్లు రాలేదు. తెల్లారేసరికి లెక్క ప్రకారం బేసిన్‌లో నీళ్లు పోయాయి. లెక్కలో లేనిది మిగిలింది: అడుగంతా చీలమండ లోతు బురద.

గట్టు మీది నుంచే పూడిక తీసే కాంట్రాక్టరుకు ఫోను చేస్తే వచ్చే వారం చూస్తానన్నాడు. కనకవ్వ విన్నది.

“ఫోన్ పట్టుకొని నిలవడితే బురద పోతదా సారూ? జర పక్కకు జరుగున్రి.”

రాత్రి షిఫ్టు దిగిన మగవాళ్లు పారలు, తట్టలతో వచ్చారు. మెట్ల మీద కునుకు తీస్తున్న భర్తను ఆమె వదల్లేదు. “కరెంటు పోయిన మగ్గం లెక్క కూసున్నవేంది? లే!” నేనూ ఒక తట్ట మోశాను. రెండోదానికి చేయి చాస్తే, “వద్దు సారూ, మీరు పడితే మిమ్ముల ఎత్తుడు ఇంకో పని” అంది.

సాయంత్రానికి నేల తేలింది. కరోనా నియమం ప్రకారం గల్లీకో చిన్న గుంపుగా విడివిడిగా ఆడారు.

ఇలాంటి బేసిన్‌లు పాడయ్యేది నీళ్లతో కాదు, పూడికతో; ఎండాకాలంలో ఎవరికీ పట్టని గుంత చెత్తకుప్ప అవుతుంది. నిర్వహణ నియమాల్లో పూడిక తీసే గడువును ‘బతుకమ్మకు ముందు’ అని రాయించాను. ఇంజినీరు మారినా, కాంట్రాక్టరు మారినా, ఆ గడువు అడిగేవాళ్లు అక్కడే ఉంటారు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, వాననీటి గుంత ఏది గీయాల్సి వచ్చినా నీళ్ల లెక్కకన్నా ముందు ఒకటి అడిగేవాణ్ణి: వాన లేని రోజుల్లో ఇది ఎవరికి కావాలి? జవాబు దొరకని చోట గుంత గీయలేదు.