హుస్సేన్ సాయిబు బోనులో నా చదువు

మొన్న పోస్టాఫీసుకు పోతే కిటికీ అవతల ఎవరో పార్సిలు సంచి మూతికి లక్క పెడుతున్నారు. ఇంకా లక్క వాడుతున్నారా అని అనుకునేలోపే ఆ కాలిన వాసన ముక్కుకు తగిలింది. అంతే. పింఛను తీసుకునే మనిషిని, మనవళ్లకు పెళ్లీడు వచ్చిన మనిషిని, ఎవరైనా నా పేరు పిలుస్తారేమోనని వరసలో అట్లాగే నిలబడిపోయాను. వెనకున్న కుర్రాడు “అవ్వా, ముందుకు జరుగు” అంటే తప్ప కదల్లేదు. లక్క వాసన చాలామందికి పోస్టాఫీసు వాసన. నాకు మాత్రం అది పరీక్ష వాసన, హుస్సేన్ సాయిబు వాసన.

ఆయన ప్రొద్దుటూరు మునసబు కోర్టులో బెంచి క్లర్కు. మా మేనత్త ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. మాది సింహాద్రిపురం. అక్కడ ఆడపిల్ల పెద్ద చదువు చదవడానికి దారి లేదని, బడిపంతులైన మా నాయన నన్ను అత్త ఇంట్లో పెట్టి ప్రొద్దుటూరులో హైస్కూలు చదివించాడు. అత్త ఆయనను అన్నా అని పిలిచేది, ఆ వరసన నాకు పెద్దనాయన అయ్యాడు. సన్నటి మనిషి. ఎంత ఎండలోనైనా మెడదాకా బొత్తాలు పెట్టిన నల్లకోటు, తలమీద టోపీ, కోర్టు కాగితాల కట్టలకు లక్క ముద్రలు వేసీ వేసీ వేళ్ల కొసలమీద కాలిన మచ్చలు. సాక్షుల చేత ప్రమాణం చేయించడం ఆయన పని. సాక్షి తెలుగులో చెప్పింది జడ్జిగారు ఇంగ్లీషులో రాసుకునేవారు. అంతా అయ్యాక ఆ ఇంగ్లీషును మళ్లీ తెలుగు చేసి చదివి వినిపించి, నువ్వు చెప్పింది ఇదేనా అని అడిగి, వేలిముద్ర వేయించేది ఈయనే. మన మాట ఇంగ్లీషులోకి పోయి ఏ వేషంతో తిరిగొస్తుందో రోజూ చూసే మనిషన్నమాట.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్తల్లో నా ఎస్సెల్సీ అయింది. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రివాళ్లు నర్సు ట్రైనింగుకు అమ్మాయిలను తీసుకుంటున్నారని తెలిసింది. అయితే తెల్లదొరసాని డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ చదువు గురించి చెప్పు అని ఇంగ్లీషులో మాట్లాడిస్తుందట. నాయన ఒక్కటే మాట అన్నాడు, ఒక్కసారి పోయి చూడు, రాకపోతే మారు మాట్లాడకుండా ఇంటికి వచ్చేయ్ అని. ఇంట్లో ఏముందంటే మా అమ్మ తమ్ముడు ఓబులేసు మామ ఉన్నాడు. పులివెందుల పక్కన చేను, జత ఎద్దులు, నా కోసం ఆగిన వయసు. మామ చెడ్డవాడైతే ఏడ్చి గీపెట్టి తప్పించుకునేదాన్ని. కానీ బంగారంలాంటి మనిషి, నా భయమంతా అదే. వద్దనడానికి నర్సు ట్రైనింగు తప్ప నా దగ్గర ఇంకో కారణం లేదు.

ఇంగ్లీషు రాయమంటే రాసేదాన్ని. మాట్లాడమంటే మాత్రం గొంతులో వెలక్కాయ పడేది. మా బడిలో ఇంగ్లీషు మాట్లాడగా విన్నది ఇన్స్పెక్టరు గారి నోట ఒక్కటే, అదీ తిట్టడానికి. మా టీచరమ్మ జాలిపడి ‘నా చదువు’ అని ఇంగ్లీషులో ఒక వ్యాసం చెప్పి రాయించింది. దాన్ని రాత్రీ పగలూ వల్లెవేసి, ఒక సాయంత్రం అత్త తోడు రాగా వాళ్ల తిన్నెమీద హుస్సేన్ సాయిబు ముందు నిలబడి గడగడా అప్పజెప్పాను. మా పాఠశాల చుట్టూ అందమైన పూలతోట కలదు, మా ప్రయోగశాల విశాలమైనది, ఇట్లా సాగుతుందది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

“తోట యాడుంది పాపా?” అన్నాడు.

లేదన్నాను.

“ప్రయోగశాల?”

అదీ లేదు, టీచరమ్మ బోర్డు మీద పరీక్షనాళిక బొమ్మ వేస్తుందని చెప్పాను.

“మరి ఇదంతా ఎవురు జెప్పినారు నీకు?”

“టీచరమ్మ.”

“అయితే ఆమెను పిలిపించల్ల. ఇది నీ సాక్ష్యం గాదు, నువ్వు దిగు” అన్నాడు, మొహంలో నవ్వు లేకుండా. నిజంగానే నన్ను తిన్నె దింపి ఇంటికి పంపించేశాడు. నేను గోడకు ఇవతల ముసుగు కప్పుకుని ఏడుస్తుంటే, పరీక్షకు ముందర ఉన్న నాలుగు ముక్కలు కూడా ఊడబీకినాడే అని అత్త సణిగింది. మర్నాడు ఆయనే గోడమీదుగా పిలిచాడు.

అప్పటినుంచి రోజూ కోర్టు నుంచి వచ్చాక, సాయంత్రం నమాజుకు ముందు, వాళ్ల తిన్నెమీద నాకు విచారణ జరిగేది. కుర్చీ వీపు నా బోను. దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడాలి. ఆయన ఇంగ్లీషులో అడుగుతాడు, నేను ఇంగ్లీషులో చెప్పాలి. చూసింది, చేసింది చెప్పాలి తప్ప విన్నది చెప్పకూడదు. ఒక మాట చెప్పి ఆగాలి. ఎందుకంటే ఆయన చూపుడువేలితో తన మోకాలిమీద ఆ మాట రాసుకుంటున్నట్టు గీసేవాడు. ఆ వేలు నిలిచేదాకా నోరు తెరవకూడదు. మొదట్లో నాకిది చాదస్తంగా తోచింది. నాలుగురోజులు పోయేసరికి ఆ వేలు కదిలేంతసేపూ తర్వాతి మాట వెతుక్కోవచ్చని తెలిసింది. పొడుగు మాటలు నా అంతట నాకే పొట్టి అయ్యాయి. చివర్లో నేను చెప్పిందంతా ఆయన తెలుగులో తిరిగి చెప్పేవాడు. అది ఒప్పుకుంటేనే దిగాలి. నేను ఎప్పుడూ తల ఊపి దిగేదాన్ని. ఎప్పుడు దిగుతానా అనే ఉండేది నాకు.

ఒకరోజు నన్నూ అత్తనూ కోర్టుకు రమ్మన్నాడు. ముద్దనూరు వైపునుంచి వచ్చిన ఒక ముసలి రైతు బోనెక్కాడు. పొలం గట్టు తగాదా. మొదట వడివడిగా, చేతులు తిప్పుతూ మొదలుపెట్టాడు. హుస్సేన్ సాయిబు అరచెయ్యి చూపి ఆపాడు. జడ్జిగారి కలం కాగితంమీద గరగరమంటుంటే ముసలాయన ఆ కలాన్నే చూస్తూ నిలబడ్డాడు. రెండో మాట నెమ్మదిగా చెప్పాడు. మూడో మాటకు వంగిన వీపు కొంచెం నిక్కింది. ఆయన మాటకోసం అంత పెద్దమనిషి కలం పట్టుకుని కాచుకోవడం బహుశా అదే మొదలు. కానీ చివర్లో చదివి వినిపించినప్పుడు మాత్రం సరిగా వినకుండానే తల ఊపి, వేలు మసి చేసుకుని, దండాలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు. హుస్సేన్ సాయిబు ఆయన పోయిన వాకిలినే కాసేపు చూస్తూ ఉండిపోయాడు. అది నేను గమనించాను గానీ ఎందుకో అడగలేదు.

పరీక్ష రేపనగా నాకు ఒళ్లు కాలిపోయింది. జ్వరమని అత్తతో అన్నాను, నిజానికి భయం. హుస్సేన్ సాయిబు వాకిట్లో నిలబడి, రేపు పోనంటాండావంటనే అని అడిగాడు. పెద్దనాయనా, నోరు పెగలకపోతే ఎట్లా అన్నాను. ధైర్యం చెబుతాడని చూశాను. ఆయన ధైర్యం చెప్పలేదు.

“నాకు దినామూ భయమే పాపా. తప్పు సదివితే ఒకని చేను ఇంకొకనికి పోతాది. అయినా పొద్దున లేచి కోటు తొడుక్కుంటాండా గదా” అన్నాడు. వెళ్లబోతూ, “భయాన్ని ఈడ పెట్టి పోలేవులే. తోడుకు పిల్చుకోని పో” అన్నాడు.

అట్లాగే పిలుచుకుని పోయాను. బస్సులో జమ్మలమడుగుదాకా అది నా ఒళ్లోనే కూర్చుంది. నాయన ముద్దనూరు మీదుగా వచ్చి ఆసుపత్రి వరండాలో కనిపెట్టుకుని ఉన్నాడు. అక్కడ పదిమంది దాకా అమ్మాయిలు ఉన్నారు. కడప నుంచి వచ్చినవాళ్లు తమలో తాము పటపటా ఇంగ్లీషు మాట్లాడుకుంటుంటే, నాయన నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆ చూపులో ఓబులేసు మామ చేను, ఎద్దులు, అన్నీ నాకు కనిపించాయి.

గదిలో దొరసాని, పక్కన తెలుగు మేట్రనమ్మ కూర్చుని ఉన్నారు. కూర్చోమన్నా నేను కూర్చోలేదు. కుర్చీ వెనక్కి పోయి దాని వీపు పట్టుకున్నాను. నీ చదువు గురించి చెప్పు అంది దొరసాని. ప్రొద్దుటూరు బాలికల హైస్కూల్లో చదివానని ఇంగ్లీషులో చెప్పి ఆగాను. ఆమె చేతులు బల్లమీద ఒకదానిమీద ఒకటి ఉన్నాయి, కలం పక్కన పడి ఉంది. నేను ఆ చేతులు చూస్తూ నిలబడ్డాను. ఆమె నన్ను చూస్తూ కూర్చుంది. ఊఁ, చెప్పు అంది మేట్రనమ్మ. సైన్సు నాకిష్టమని చెప్పి మళ్లీ ఆగాను. చేతులు కదల్లేదు. తర్వాతి మాట నాలుకమీదే ఉంది, కానీ ముందు మాట ఇంకా కాగితం ఎక్కలేదే, ఎట్లా చెప్పేది?

మేట్రనమ్మ తెలుగులో, జాలిగానే, “రాకపోతే రాదని చెప్పమ్మా, తప్పు లేదు” అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దొరసాని ముందుకు వంగి, ఎందుకు ఆగిపోతున్నావని మెల్లగా అడిగింది.

“మీరు రాసుకోవడం లేదమ్మా” అన్నాను, ఇంగ్లీషులోనే.

మేట్రనమ్మ నవ్వు ఆపుకుంది. దొరసాని నవ్వలేదు. నా మొహంలోకి కొంచెంసేపు చూసి, కాగితం ఒకటి ముందుకు లాక్కుని కలం మూత తీసింది. అప్పుడు చెప్పాను. పరీక్షనాళిక చూడలేదు, బొమ్మ చూశాను. గుండెకాయ చూడలేదు, బొమ్మ గీశాను. ఒక్కో మాటకూ ఆమె కలం నడిచి ఆగుతోంది. అయితే ఏం చూశావు అని అడిగింది. మా నాయన కాలు చూశానని చెప్పాను.

మా ఊళ్లో దిగుడుబావి నీళ్లు తాగేవాళ్లకు నారిపురుగు వచ్చేది. కాలిమీద బొబ్బలేచి, పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు బయటికి తల పెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. తొందరపడి తెంపితే కాలంతా వాచి చీము పడుతుంది. నాయన అట్లా నెలలు మంచం దిగలేదు. నీళ్లలోని కంటికి కనపడని పురుగు వల్ల ఇది వస్తుందని సైన్సు పాఠంలో చదివి, సెలవులకు ఇంటికి పోయి, పంచె నాలుగు మడతలు పెట్టి నీళ్లు వడగట్టాను. అమ్మ చేత కూడా అట్లాగే వడగట్టించాను. నాయన ఎగతాళి చేశాడు. మరుసటి ఏడు మా ఇంట్లో ఎవరికీ పురుగు లేవలేదు. ఇదంతా పొట్టి పొట్టి ఇంగ్లీషులో, ఒక్కోటి ఆగి ఆగి చెప్పాను. పురుగు పేరు ఇంగ్లీషులో తెలియక దారం పురుగన్నాను.

చాలు, నువ్వు పోవచ్చు అంది దొరసాని. నేను పోలేదు. చదివి వినిపించకుండా బోను దిగడం నాకు అలవాటు లేదు. రాసింది చదవండమ్మా అన్నాను. మేట్రనమ్మ ఈసారి బిత్తరపోయింది. దొరసాని మాత్రం కాగితం పైకెత్తి చదివింది. నా ఊరు, నా నీళ్లు, మా నాయన కాలు ఆ నోట ఇంగ్లీషులో వస్తుంటే అది ఇంకెవరి సంగతో అన్నట్టు విన్నాను. చివర్లో, ‘ఈ అమ్మాయి తండ్రి జబ్బు నయం చేసింది’ అని ఉంది. మెచ్చుకోలుగానే రాసింది. తల ఊపితే అయిపోయేది. నా తల కూడా సగం ఊగింది. కానీ నోరు వినలేదు.

“కాదమ్మా. నేను నయం చేయలేదు. నీళ్లు వడగట్టాను, అంతే” అన్నాను.

ఆమె ఆ మాట కొట్టేసి, నేను చెప్పింది రాసి, మళ్లీ చదివింది. అప్పుడు ఒప్పుకుని బయటికి వచ్చాను. ఏం అడిగిందమ్మా అని నాయన ఎదురొచ్చాడు. నీ కాలు గురించి అన్నాను. నా కాలా, చదువు గురించి అడగలేదా అని ఆయన అక్కడే అరుగుమీద కూలబడ్డాడు.

ప్రొద్దుటూరు చేరేసరికి హుస్సేన్ సాయిబు తిన్నెమీదే ఉన్నాడు. సీటు వస్తుందా అని అడగలేదు. “సదివి ఇనిపించినారా?” అన్నాడు. వినిపించారన్నాను. “ఒప్పుకుంటివా?” ఒక మాట దిద్దించానని చెప్పాను. ఆయన టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు.

“నా సర్వీసులో ఒక్కరు గూడా దిద్దల్యా పాపా. అందరూ తల ఊపి వేలు పెట్టి పోయినోళ్లే. నేను తప్పు సదివినా ఊపుతారు. ఒగడన్నా కాదనల్లని చూస్తానే ఉండా” అన్నాడు. టోపీ చేతిలోనే పట్టుకుని లోపలికి పోయాడు.

సీటు వచ్చింది. ఓబులేసు మామ వేరే పిల్లను చేసుకుని, మొదటి కానుపుకు ఆమెను తెచ్చి నా వార్డులోనే చేర్పించాడు. చెప్పాను కదా, మంచి మనిషి. నేను ట్రైనింగులో ఉండగానే హుస్సేన్ సాయిబు పోయారని అత్త కబురు పంపింది. కడసారి చూపుకు అందలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ రోగి చెప్పింది రాసుకున్నాక తెలుగులో చదివి వినిపించేదాన్ని. డాక్టర్లు విసుక్కునేవాళ్లు. ఎంత భయపడేదాన్నో నాకు తెలుసు కాబట్టి, ఊగే తలను నేనెప్పుడూ నమ్మలేదు. ఒకసారి తుమ్మలపల్లె నుంచి వచ్చిన ముసలామె అన్నిటికీ తల ఊపింది. మళ్లీ చదివాను. మళ్లీ ఊపింది. నేను లేవకుండా అక్కడే కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అట్ల గాదు తల్లీ” అంది. నేను రాసింది కొట్టేసి, మంచానికి దగ్గరగా జరిగి, ఎట్లనో చెప్పవ్వా అన్నాను.