బావమరిది ముక్కు

గీత మొదలుపెట్టే ముందు బొమ్మలాయన పాళీని చొక్కా ఎడమ చేతికి తుడుస్తాడు. ప్రతిసారీ. ఆయన చొక్కాలన్నిటికీ ఆ చెయ్యి నల్లనే. భార్య ఉతకడం మానలేదు, తిట్టడం మానేసింది.

పత్రిక మొదటి పేజీ అడుగున, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద చోటు ఆయనది. అందులో రోజూ ఒక లంచగొండి ఉంటాడు. అసలు నాయకుల ముఖాలు గీస్తే కోర్టు నోటీసులొస్తాయి. అందుకని మొదటినుంచీ బావమరిది ముఖం వాడుకున్నాడు. గుమ్మడికాయ బుగ్గలు, చిలకముక్కు. అప్పట్లో బావమరిదికి సిమెంటు కొట్టు. ఆ బొమ్మలు కత్తిరించి కొట్లో అంటించుకునేవాడు.

ఈ ఏడు అతను మున్సిపల్ చైర్మన్ అయ్యాడు. బొమ్మ మారలేదు. ఊరు మాత్రం ఇప్పుడు పేరు పెట్టి నవ్వుతోంది.

ఒక సాయంత్రం బావమరిది తలుపు తోసుకుని వచ్చాడు.

“బావా, ఆ ముక్కు తీసెయ్.”

“నీ మొహాన ఉన్నది నేనెలా తీస్తాను?”

“వేళాకోళం వద్దు. మురిక్కాలవ కాంట్రాక్టరు నా ముందే పేపరు చూసి నవ్వాడు.”

“తవ్వని కాలవకి నీ చేత బిల్లు ఇప్పించుకున్నాడు. నవ్వక ఏడుస్తాడా?”

బావమరిది వంటింటి వైపు తిరిగాడు. “విన్నావా అక్కా? పాముతో కాపురం చేస్తున్నావు.”

“ఇన్నాళ్లూ ఆ పాము నీకు ముద్దొచ్చింది కదరా,” అంది ఆవిడ, కత్తిపీట మీంచి తలెత్తకుండా. “గోడకి కూడా అంటించావు.”

“అప్పుడు నేనెవర్ని, ఇప్పుడు నేనెవర్ని?”

“నేనూ అదే అడుగుతున్నా,” అన్నాడు బొమ్మలాయన.

“సరే. ప్రకటనలు కావాలో, నీ గీతలు కావాలో తేల్చుకోమని మీ ఎడిటర్‌తో చెప్పొచ్చాను. ఇక బొమ్మలు కంప్యూటరే వేస్తుందట. దానికి బావమరుదులుండరు.”

అతను వెళ్లగానే ఎడిటర్ ఫోన్ చేశాడు.

“ఎవరిదీ కాని ముఖం వెయ్యండి. మీ చోటు మీకే ఉంటుంది.”

“ఎవరిదీ కాని ముఖం చూసి ఎవడు సిగ్గుపడతాడండీ?”

అవతల ఫోన్ పెట్టేశారు.

“ఇంతకాలం దాక్కోడానికేగా వాడి మొహం?” అంది భార్య. “ఇప్పుడెందుకు ఈ పౌరుషం?”



మర్నాడు పొద్దున్న ఆ చోట్లో మిక్సీ ప్రకటన ఉంది. బొమ్మలాయన అట్ట, కాగితాలు తీసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాడు. అర్జీలవాళ్ల బెంచీ మీద కూర్చుంటే, తెరిచిన తలుపులోంచి చైర్మన్ కనిపిస్తున్నాడు. ఇన్నాళ్లూ గుర్తు మీద గీసిన ముఖాన్ని మొదటిసారి చూసి గీశాడు. కింద అతని పేరు రాశాడు. కాలవ గురించి వచ్చిన పక్కావిడ చేతికిచ్చి, ఇంకో కాగితం తీశాడు.