మావారు అనే డబ్బా

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఆ దుకాణంలో అమ్మమ్మ ఇరవై రెండేళ్లుగా నిలబడే ఉంది. మధ్యమధ్య ఇంటికొచ్చి పడుకునేది లెండి. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అందుకే కంప్యూటరు క్లాసులకెళ్లి, ఎవరి బట్టలు ఏ కొక్కేనికి ఉన్నాయో చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసింది.

"వారం రోజులు తప్పు లేకుండా నడిస్తే ఈ కౌంటరు కుర్చీ నీదే పిన్నీ," అన్నాడు యజమాని.

ప్రోగ్రాంలో కొక్కెం నంబరు దాచే డబ్బాని వేరియబుల్ అంటారు. దాని పేరు ముందే రాసిపెట్టుకోవాలని పంతులమ్మ చెప్పింది. అమ్మమ్మ వింటేగా! కౌంటర్లో ఏ పేరు కొడితే ఆ పేరుతో డబ్బా అప్పటికప్పుడు పుట్టేలా, మళ్లీ అదే కొడితే తెరుచుకునేలా రాసేసింది. "పిలవగానే పలుకుతుంది, మీ తాతయ్యలా కాదు," అని ఇంట్లో గొప్పలు పోయింది.

అయిదు రోజులు బాగానే నడిచింది. ఆరో రోజు ఒకావిడ వచ్చి "మావారి కోటు" అంది. యజమాని 'మావారు' అని కొట్టాడు. నలభై రెండు అంది తెర. ఆ కొక్కేనికున్న కోటు ఆవిడ తీసుకెళ్లింది.

గంటలో ఆవిడ మొగుడే వచ్చాడు, తాటిచెట్టంత మనిషి. కోటు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. వెనకే ఇంకొకావిడ. "మావారి కోటేదండీ?" తెర మళ్లీ నలభై రెండే అంది. ఆ కొక్కెం బోసిగా ఉంది.

అమ్మమ్మ నాలిక కరుచుకుంది. "ఇద్దరూ మావారనే ఇచ్చారా! డబ్బా ఒక్కటే కదా, రెండో మావారు రాగానే మొదటాయన నంబరు చెరిగిపోయింది."

"ఇద్దరికీ ఒకే మొగుణ్ణి కట్టబెట్టావు పిన్నీ!" యజమాని కంప్యూటరు కట్టేయబోయాడు.

అమ్మమ్మ ఆ పొడుగాయన్ని ఎగాదిగా చూసి, పదిహేడో కొక్కెం నుంచి కోటు తెచ్చింది. "ఎడమ భుజం కాస్త వాలు. ఇస్త్రీ చేసిన చేతికి తెలీదూ? ఒంటిమీదున్నది విప్పి ఈవిడకివ్వు నాయనా."

పొడుగాయనకి కోటు సరిపోయింది, రెండో ఆవిడ తన మొగుడి కోటు గుర్తుపట్టింది.

"ఇలా గుర్తుపట్టే కళ్లుండగా కంప్యూటరెందుకు? నువ్వు ఇస్త్రీ బల్ల దగ్గరే ఉండు పిన్నీ."

అమ్మమ్మ గుండె జారిపోయింది. కానీ నోరు జారలేదు. "కళ్లకేం బాబూ, కూర్చున్నా కనిపిస్తుంది," అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. పేరు పక్కన చీటీ నంబరు కూడా అడిగేలా ప్రోగ్రాం మార్చడం మొదలుపెట్టింది.

"లే పిన్నీ, జనం వస్తున్నారు."

"రానీ. ఆ అమ్మాయి 'నాన్న చొక్కా' అంటోంది. ఏ నాన్నో అడుగు."